రక్తపోటు మందులు - మానసిక ఔషధాలు: పరస్పరచర్యల చారిత్రక పరిశీలన (1931-2004)

వ్యాససంగ్రహం:

అధిక రక్తపోటుకు వాడే మందులకూ మానసిక రుగ్మతలకు వాడే మందులకూ నడుమ జరిగే పరస్పరచర్యలను వైద్యగ్రంథాలు సాధారణంగా హెచ్చరికల పట్టికలుగా ఇస్తాయి. ఆ పట్టికల్లోని అంశాలు ఏ క్రమంలో, ఎవరి అనుభవం ద్వారా తెలిసివచ్చాయన్నది చరిత్రకు సంబంధించిన ప్రశ్న. 1931లో కలకత్తాలో వెలువడిన సర్పగంధ వ్యాసం మొదలుకొని కెనడాలో జరిగి 2004లో ప్రచురితమైన లిథియం పరిశీలన వరకు గల ప్రధాన ఘట్టాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఈ రెండు వర్గాల మందులు శరీరంలో చాలావరకు ఒకే మార్గాలలో పనిచేస్తాయనీ, "బీపీ మందు", "మానసిక మందు" అనే పేర్లు మందు స్వభావం కంటే వైద్యవిభాగాల హద్దులనే ఎక్కువగా సూచిస్తాయనీ ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశ్యం.

కీలకపదాలు: సర్పగంధ, రెసర్పిన్, రక్తపోటు, మనోవైద్యం, ఔషధ పరస్పరచర్య, లిథియం, వైద్యచరిత్ర.

1. ఉపోద్ఘాతం:

తెలుగు ఇళ్ళలో మందులకు వాటి రసాయననామాలు ఉండవు. బీపీ బిళ్ళ, షుగరు బిళ్ళ, నిద్రబిళ్ళ, నరాల బిళ్ళ అని వ్యవహారం. ఏ రోగానికి వాడితే ఆ రోగం పేరే మందు పేరవుతుంది. వీటిలో "నరాల బిళ్ళ" అనే మాటకు ప్రత్యేకత ఉంది. మనోవైద్యుడు రాసిన మందును బయటివారి ముందు చెప్పుకోవలసివచ్చినప్పుడు కుటుంబాలు ఆశ్రయించే మాటల్లో ఇదొకటి. ఒకే మనిషి గుండెకు ఒక వైద్యుని వద్ద, మనసుకు మరొక వైద్యుని వద్ద చికిత్స పొందుతున్నప్పుడు ఈ మరుగుమాట వల్ల ఒక చీటీ సంగతి మరొక చీటీ రాసేవారికి తెలియకుండా పోయే అవకాశం ఉంది.

వాడుకలోని ఈ పేర్ల విభజన సామాన్యులు కల్పించుకున్నది మాత్రమే కాదు. ఆధునిక వైద్యం కూడా మందులను రోగాన్నిబట్టి, రోగాలను విభాగాన్నిబట్టి వర్గీకరించింది. కాని రక్తపోటు మందులూ మానసిక ఔషధాలూ పుట్టిన చరిత్రను చూస్తే, ఈ రెండు వర్గాలూ మొదట ఒకే చోట మొదలై తరువాత విడిపోయినట్లు కనిపిస్తుంది. విడిపోయిన తరువాత అవి రోగి శరీరంలో మళ్ళీ కలుసుకున్న సందర్భాలనే వైద్యశాస్త్రం "పరస్పరచర్య" అని వ్యవహరిస్తుంది.

ఒక మందు మరొక మందు ప్రభావాన్ని పెంచడం, తగ్గించడం లేదా మార్చడం ఔషధ పరస్పరచర్య. ఈ వ్యాసం పరిధి రక్తపోటు మందులకు, మానసిక ఔషధాలకు పరిమితం. వీటిలోనూ చరిత్రపరంగా ప్రాధాన్యం గల నాలుగు స్థానాలను, అంటే మూలికను, నాడి చివరను, మూత్రపిండాన్ని, కాలేయాన్ని ఆధారంగా చేసుకొని పరిశీలన సాగుతుంది.

2. సర్పగంధ: ఒకే వేరు, రెండు రోగాలు

సంస్కృతంలో సర్పగంధగా, తెలుగులో పాతాళగంధిగా పేరున్న మొక్క వేరును భారతీయ వైద్యసంప్రదాయాలు చాలాకాలంగా వాడుతున్నాయి. పాముకాటుకు, నిద్రలేమికి, ఉన్మాదానికి దీనిని వాడినట్లు ఆధారాలున్నాయి. బీహారు ప్రాంతంలో ఈ వేరుకు "పాగల్ కీ దవా" అనే వ్యవహారం ఉండేది. అంటే జనవ్యవహారంలో ఇది మనసుకు వాడే మందు.

20వ శతాబ్దంలో ఈ మూలిక ఆధునిక పరిశోధనకు అందివచ్చిన సంవత్సరం 1931. ఆ ఏడాది ఢిల్లీలో సలీముజ్జమాన్ సిద్దిఖీ, రఫత్ హుసేన్ సిద్దిఖీ ఈ వేరునుండి కొన్ని ఆల్కలాయిడ్లను వేరుచేశారు. వాటిలో ఒకదానికి హకీమ్ అజ్మల్ ఖాన్ స్మృత్యర్థం అజ్మలీన్ అని పేరు పెట్టారు. అదే ఏడాది కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ "ఇండియన్ మెడికల్ వరల్డ్" పత్రికలో ఒక వ్యాసం ప్రచురించారు. గణనాథ్ సేన్ "ప్రత్యక్షశారీరం" అనే సంస్కృత శరీరశాస్త్ర గ్రంథకర్తగా ఆయుర్వేద విద్యార్థులకు సుపరిచితుడు. సర్పగంధను ఉన్మాదానికీ అధిక రక్తపోటుకూ పనికివచ్చే కొత్త భారతీయ ఔషధంగా ఆ వ్యాసం శీర్షికలోనే పరిచయం చేశారు. వేరుపొడిని 20 నుండి 30 గ్రెయిన్ల చొప్పున రోజుకు రెండుసార్లు ఇచ్చినప్పుడు నిద్ర పట్టడంతోబాటు రక్తపోటు కూడా తగ్గుతుందని వారు నమోదు చేశారు.

ఈ శీర్షిక చారిత్రకంగా గమనింపదగినది. ఉన్మాదం, రక్తపోటు అనే రెండు పదాలు ఒకే మందు పేరు పక్కన నిలిచాయి. ఒకటి ప్రధానఫలితమనీ మరొకటి దుష్ఫలితమనీ వారు విభజించలేదు. ఒకే వేరు రెండు పనులు చేస్తున్నదని మాత్రమే చెప్పారు. తరువాతి రెండు దశాబ్దాలలో ఈ రెండు పనులు వేర్వేరు దారులు పట్టాయి.

కలకత్తా స్కూల్ ఆఫ్ ట్రాపికల్ మెడిసిన్‌లో రామ్‌నాథ్ చోప్రా బృందం 1933లో ఈ మూలిక ఆల్కలాయిడ్ల ఔషధగుణాలను పరిశోధించింది. బొంబాయి హృద్రోగవైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో "బ్రిటిష్ హార్ట్ జర్నల్"లో 50 మంది రక్తపోటు రోగులపై తన పరిశీలనను ప్రకటించాడు. ఆ వ్యాసంతో సర్పగంధ పాశ్చాత్య హృద్రోగవైద్యుల దృష్టికి వచ్చింది. 1952లో స్విట్జర్లాండులోని బాసెల్ నగరంలో సీబా సంస్థకు చెందిన ముల్లర్, ష్లిట్లర్, బైన్ ఈ వేరునుండి రెసర్పిన్‌ను వేరుచేశారు. 1954లో న్యూయార్క్ రాష్ట్రంలోని రాక్‌లాండ్ స్టేట్ హాస్పిటల్ మనోవైద్యుడు నేథన్ క్లైన్ మానసిక రోగులలో ఈ మూలిక ఫలితాలను ప్రచురించాడు.

1957 నాటి లాస్కర్ పురస్కారాలు ఈ విభజనకు చక్కని నిదర్శనం. ఆ ఏడాది వకీల్‌కు రక్తపోటులో సర్పగంధ వినియోగానికి, క్లైన్‌కు మానసిక రుగ్మతలలో అదే మూలిక ఉత్పన్నాల వినియోగానికి పురస్కారాలు లభించాయి. 1931లో ఒకే శీర్షిక కింద చెప్పిన విషయానికి 1957 నాటికి రెండు ప్రశంసాపత్రాలు అవసరమయ్యాయి.

3. రెసర్పిన్: రక్తపోటు చికిత్స నుండి మనస్సు రసాయనశాస్త్రానికి

3.1 కుంగుబాటు వాదం:

రెసర్పిన్ రక్తపోటు మందుగా విస్తృతంగా వాడుకలోకి వచ్చింది. భారతదేశంలో ఇది డైహైడ్రలజీన్‌తో కలిపిన "అడెల్ఫేన్" మాత్రల రూపంలో అనేక సంవత్సరాలు వైద్యుల చీటీలలో కనిపించింది. వాడుక పెరిగినకొద్దీ మరొక సంగతి బయటపడింది. 1954లో అమెరికా వైద్యుడు ఎడ్వర్డ్ ఫ్రైస్, ఎక్కువ మోతాదులో దీర్ఘకాలం రెసర్పిన్ తీసుకున్న కొందరు రక్తపోటు రోగులలో మానసిక కుంగుబాటు ఏర్పడిందని నివేదించాడు. గుండెకోసం ఇచ్చిన మందు మనసును తాకిందన్న అభిప్రాయం అక్కడినుండి స్థిరపడింది.

అయితే ఈ అభిప్రాయానికి విరుద్ధమైన ఆధారం కూడా అదే కాలంలో ఉంది. 1955లో లండన్‌లోని మాడ్‌స్లీ ఆసుపత్రికి చెందిన డేవిస్, షెపర్డ్ ఆందోళన, కుంగుబాటు గల రోగులలో రెసర్పిన్‌ను ఉత్తుత్తిమందుతో పోల్చి పరీక్షించి, రెసర్పిన్ మేలు చేసినట్లు "లాన్సెట్"లో ప్రకటించారు. కుంగుబాటు కలిగించే మందుగా పేరుపడిన దానికి ఇది పూర్తిగా భిన్నమైన ఫలితం. అయినా తరువాతి దశాబ్దాల పాఠ్యపుస్తకాలలో ఫ్రైస్ నివేదిక ధోరణే నిలిచింది. 2000 తరువాత చరిత్రకారులు, ఔషధశాస్త్రవేత్తలు పాత ఆధారాలను తిరిగి పరిశీలించి, రెసర్పిన్‌కూ కుంగుబాటుకూ గల సంబంధం అనుకున్నంత దృఢమైనది కాదని వాదించారు. రెసర్పిన్ వల్ల కలిగే మందకొడితనం, కదలికల తగ్గుదల కొందరిలో కుంగుబాటుగా గుర్తింపు పొంది ఉండవచ్చునన్నది ఆ వాదంలో ఒక భాగం.

ఇక్కడ మరొక విషయాన్ని జతచేయాలి. ఫ్రైస్ రెసర్పిన్‌ను తిరస్కరించలేదు. 1967లో ఆయన నేతృత్వంలో వెలువడిన అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రుల పరీక్ష, తీవ్ర రక్తపోటు గల 143 మంది రోగులలో చికిత్స వల్ల ప్రాణాపాయకర పరిణామాలు గణనీయంగా తగ్గుతాయని నిరూపించింది. ఆ చికిత్సలోని మూడు మందులలో రెసర్పిన్ ఒకటి. ఒక మందు మనసుపై చూపగల ప్రభావాన్ని హెచ్చరించినవాడే ఆ మందుతో రక్తపోటు చికిత్స విలువను కూడా నిరూపించాడు. ఒక మందును మంచిదనో చెడ్డదనో ఒకే మాటలో తేల్చే ధోరణికి ఈ చరిత్ర లొంగదు.

3.2 పరస్పరచర్యే పరిశోధనా సాధనం:

రెసర్పిన్ ఎలా పనిచేస్తుందన్న ప్రశ్నకు సమాధానం అమెరికాలోని నేషనల్ హార్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో లభించడం యాదృచ్ఛికం కాదు. 1955లో అక్కడ బ్రోడీ, షోర్, ప్లెచర్ రెసర్పిన్ శరీరంలోని సెరటోనిన్ నిల్వలను విడుదల చేసి హరింపజేస్తుందని చూపారు. నార్‌అడ్రినలిన్, డోపమిన్ నిల్వలపైనా దానిది అదే ప్రభావమని తరువాత తేలింది. స్వీడన్‌లో ఆర్విడ్ కార్ల్‌సన్ 1957లో రెసర్పిన్ వల్ల కదలిక కోల్పోయిన జంతువులు ఎల్-డోపాతో తిరిగి చురుకుదనం పొందినట్లు చూపాడు. ఆ మార్గంలో సాగిన పరిశోధనకు 2000లో నోబెల్ బహుమతి లభించింది. 1965లో జోసెఫ్ షిల్డ్‌క్రౌట్ ప్రతిపాదించిన కుంగుబాటు రసాయన సిద్ధాంతానికి కూడా రెసర్పిన్ అనుభవం ఒక ముఖ్యమైన ఆధారం.

ఈ దశలో పరస్పరచర్య అనేది హెచ్చరికగా కాక సాధనంగా ఉపయోగపడింది. ఇప్రోనియజిడ్ అనే క్షయవ్యాధి మందును ముందుగా ఇచ్చిన జంతువులకు రెసర్పిన్ ఇస్తే, అవి మందగించడానికి బదులు ఉద్రేకం చూపాయి. ఈ ఫలితం తెలిసిన క్లైన్ 1957లో కుంగుబాటు రోగులలో ఇప్రోనియజిడ్‌ను ప్రయోగించాడు. అదే ఏడాది స్విట్జర్లాండులో రోలాండ్ కూన్ ఇమిప్రమిన్ ఫలితాలను ప్రకటించాడు. ఆ తరువాత చాలాకాలం, రెసర్పిన్‌తో మందగించిన జంతువును తిరిగి చురుకుగా చేయగల పదార్థమేదన్నది కుంగుబాటు మందుల అన్వేషణలో ఒక ప్రామాణిక పరీక్షగా నిలిచింది. అంటే ఒక రక్తపోటు మందుకు ఎదురునిలవగలగడం మానసిక ఔషధానికి అర్హతాపరీక్ష అయింది. ఆ పరీక్షలో నెగ్గిన మందు రోగి శరీరంలో కూడా రక్తపోటు మందును ఎదిరించగలదన్న ఊహకు అక్కడే తావున్నది. వైద్యశాలలో అది ఎదురుకావడానికి మరికొన్ని సంవత్సరాలు పట్టింది.

4. నాడి చివర జరిగిన ఘర్షణ

4.1 గ్వానెథిడిన్ - ఇమిప్రమిన్:

1960 ప్రాంతంలో గ్వానెథిడిన్ అనే శక్తిమంతమైన రక్తపోటు మందు వాడుకలోకి వచ్చింది. ఇది రక్తనాళాలను నియంత్రించే నాడుల చివరలలోకి ప్రవేశించి, అక్కడినుండి నార్‌అడ్రినలిన్ విడుదలను అడ్డుకుంటుంది. 1963లో లీష్‌మన్, మాథ్యూస్, స్మిత్ ఇమిప్రమిన్ తీసుకునే రోగిలో గ్వానెథిడిన్ ప్రభావం దెబ్బతిన్నదని "లాన్సెట్"లో రాశారు. రక్తపోటు అదుపులో ఉన్న మనిషికి కుంగుబాటు మందు చేర్చగానే రక్తపోటు మళ్ళీ పెరిగింది.

దీని కారణం అప్పటికే మరొక పరిశోధనశాలలో సిద్ధంగా ఉంది. జూలియస్ ఆక్సెల్‌రాడ్ బృందం 1960ల ప్రారంభంలో, విడుదలైన నార్‌అడ్రినలిన్‌ను నాడి తిరిగి లోపలికి తీసుకుంటుందనీ, ఇమిప్రమిన్ ఆ ద్వారాన్ని మూసివేస్తుందనీ చూపింది. గ్వానెథిడిన్ నాడిలోకి వెళ్ళేది కూడా ఆ ద్వారం గుండానే. ద్వారం మూసుకుంటే గ్వానెథిడిన్ బయటే ఉండిపోతుంది. 1967లో మిచెల్, అరియాస్, ఓట్స్ డెసిప్రమిన్‌తో రోగులలో దీనిని నిర్ధారించారు. మందు మోతాదు తగ్గలేదు, రోగి మాత్ర మానలేదు. మందు తన పనిచోటుకు చేరలేదు.

4.2 క్లోనిడిన్:

క్లోనిడిన్ చరిత్ర ఇదే కథకు మరో రూపం. 1960ల ఆరంభంలో జర్మనీలోని బోరింగర్ ఇంగెల్‌హైమ్ సంస్థ దీనిని ముక్కుదిబ్బడ మందుగా తయారుచేసింది. జలుబుతో ఉన్న ఒక ఉద్యోగినిపై దీనిని వాడిచూసినప్పుడు ఆమె గాఢనిద్రలోకి జారిపోయింది, రక్తపోటు పడిపోయింది. ఆ అనుభవంతో క్లోనిడిన్ రక్తపోటు మందుగా మారింది. 1973లో బ్రయంట్, రీడ్, డాలరీ "బ్రిటిష్ మెడికల్ జర్నల్"లో డెసిప్రమిన్ చేర్చినప్పుడు క్లోనిడిన్ రక్తపోటును అదుపుచేయలేకపోతున్నదని చూపారు. 1978లో అదే క్లోనిడిన్ నల్లమందు జాతి మాదకద్రవ్యాల విడుపు బాధలను తగ్గించడానికి ఉపయోగపడుతుందని అమెరికా మనోవైద్యులు ప్రకటించారు. ముక్కు, రక్తనాళం, మనసు అనే మూడు విభాగాలలోనూ ఒకే మందు తిరిగింది.

4.3 ఇప్రోనియజిడ్ సంతతి - చీజ్:

ఇప్రోనియజిడ్ వర్గానికి చెందిన మందులు నార్‌అడ్రినలిన్ వంటి పదార్థాలను విచ్ఛిన్నం చేసే మోనోఅమైన్ ఆక్సిడేజ్ ఎంజైమ్‌ను నిరోధిస్తాయి. ఈ వర్గపు మందు తీసుకుంటున్న రోగికి రెసర్పిన్ ఇస్తే, పేరుకుపోయిన నిల్వలు ఒక్కసారిగా విడుదలై రక్తపోటు తగ్గడానికి బదులు పెరిగే ప్రమాదం ఉంది. ఆహారం ద్వారానూ ఇటువంటి ప్రమాదం జరిగింది. నాటింగ్‌హామ్‌కు చెందిన ఒక ఔషధశాల నిర్వాహకుడు, తన భార్య ఈ మందు తీసుకుంటూ చీజ్ తిన్నప్పుడల్లా తీవ్రమైన తలనొప్పితో బాధపడుతున్నదని గమనించి, ఈ విషయంపై రాస్తున్న యువ మనోవైద్యుడు బారీ బ్లాక్‌వెల్‌కు ఉత్తరం రాశాడు. మొదట అది నవ్వులాటగా అనిపించింది. 1963లో బ్లాక్‌వెల్ "లాన్సెట్"లో ఆ రక్తపోటు సంక్షోభాలకు చీజ్‌తో గల సంబంధాన్ని ప్రతిపాదించిన తరువాత, చీజ్‌లోని టైరమిన్ అసలు కారణమని నిర్ధారణ అయింది. 1964లో అమెరికాలో ట్రానిల్‌సిప్రమిన్ మందును కొంతకాలం మార్కెట్టు నుండి ఉపసంహరించి, హెచ్చరికలతో తిరిగి అనుమతించారు.

ఈ వృత్తాంతంలో రెండు అంశాలు ముఖ్యం. ఒకటి, ప్రమాదపు ఆనవాలును ముందుగా పట్టుకున్నది ప్రయోగశాల కాదు, ఇంట్లోవారి గమనింపు. రెండు, ఇదే వర్గానికి చెందిన పార్జిలైన్ 1960లలో రక్తపోటు మందుగా అమ్ముడయింది. రక్తపోటును ప్రమాదకరంగా పెంచగల వర్గం నుండే రక్తపోటు మందు రావడం, ఈ పేర్లు ఎంత బలహీనమైన ఆధారాలో తెలుపుతుంది.

5. ఉప్పు, లిథియం, మూత్రపిండం

5.1 1949 నాటి రెండు సంఘటనలు:

1949 సెప్టెంబరులో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ ఉన్మాదం గల 10 మంది రోగులలో లిథియం లవణాల ఫలితాలను "మెడికల్ జర్నల్ ఆఫ్ ఆస్ట్రేలియా"లో ప్రకటించాడు. మనోవైద్యచరిత్రలో ఇది ప్రసిద్ధమైన ఘట్టం. అదే ఏడాది తొలి నెలల్లో అమెరికాలో లిథియం పేరు మరొక కారణంగా వార్తలకెక్కింది. రక్తపోటు, గుండెజబ్బు రోగులకు ఉప్పు తగ్గించిన ఆహారం సూచించే కాలమది. ఉప్పుకు బదులుగా లిథియం క్లోరైడ్ మార్కెట్టులోకి వచ్చింది. దానిని ఆహారంలో కలుపుకున్న కొందరు విషప్రభావానికి గురయ్యారు, కొందరు మరణించారు. ఆ ఉత్పత్తులను అధికారులు నిషేధించారు.

ఈ రెండు సంఘటనలను కలిపి చదివినప్పుడు ఒక సూత్రం కనిపిస్తుంది. మూత్రపిండం లిథియంను దాదాపు సోడియంలాగే చూస్తుంది. శరీరంలో సోడియం తగ్గినప్పుడు మూత్రపిండం దానిని పోనివ్వకుండా పట్టి ఉంచుతుంది. ఆ ప్రయత్నంలో లిథియంను కూడా పట్టి ఉంచుతుంది. ఉప్పు మానిన రోగులకే లిథియం అందించడంవల్ల, దానిని బయటకు పంపవలసిన అవయవమే దానిని నిలువచేసింది. రక్తపోటు చికిత్సకూ లిథియంకూ నడుమ గల విరోధం, లిథియం మనోవైద్యంలో స్థిరపడకముందే, ఆ పేరు లేకుండానే రోగుల ప్రాణాలమీదికి వచ్చింది.

5.2 మూత్రవర్ధకాలు, ఆ తరువాత:

1957-58లో వచ్చిన క్లోరోథయజైడ్‌తో మూత్రం ద్వారా ఉప్పును బయటకు పంపే మందులు రక్తపోటు చికిత్సలో ప్రధానస్థానం పొందాయి. డెన్మార్కులో మోగెన్స్ షౌ బృందం 1954 నుండి లిథియంపై క్రమబద్ధమైన పరీక్షలు జరిపింది. 1970లో అమెరికాలో దానికి అనుమతి లభించింది. ఈ రెండు మందులు ఒకే రోగికి అందే పరిస్థితి అప్పుడు ఏర్పడింది. 1974లో పీటర్సన్, థామ్సన్, షౌ తదితరులు దీర్ఘకాలం థయజైడ్ తీసుకుంటే మూత్రపిండం ద్వారా లిథియం విసర్జన తగ్గుతుందని చూపారు. 1949లో ఉప్పు మానడంవల్ల జరిగినదే ఇప్పుడు మాత్రవల్ల జరిగింది.

1980లలో ఏసీఈ నిరోధకాలు అనే కొత్త రక్తపోటు మందులు వచ్చాయి. వాటివల్లనూ లిథియం పేరుకుంటుందని నివేదికలు వెలువడ్డాయి. 2004లో కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో లిథియం తీసుకునే 10 వేలకు పైబడిన వృద్ధుల రికార్డులను జూర్లింక్ బృందం పరిశీలించింది. ఏసీఈ నిరోధకాన్ని గాని, ఫ్యూరోసెమైడ్ జాతి మూత్రవర్ధకాన్ని గాని కొత్తగా మొదలుపెట్టిన మొదటి నెలలో లిథియం విషప్రభావంతో ఆసుపత్రిలో చేరే ముప్పు అనేక రెట్లు పెరిగిందని తేలింది. లిథియంలో మేలుచేసే పరిమాణానికీ విషపరిమాణానికీ నడుమ ఎడం తక్కువ కనుక రక్తపరీక్షే ఇక్కడ రక్షణ. కొత్త రక్తపోటు మాత్ర రాసే వైద్యునికి రోగి లిథియం తీసుకుంటున్న సంగతి తెలియకపోతే ఆ పరీక్ష అడిగేవారుండరు.

ఇక్కడ మరో పార్శ్వాన్నీ చెప్పాలి. లిథియంవల్ల చేతులు వణికే రోగులకు ప్రొప్రనొలాల్ అనే రక్తపోటు మందు ఉపశమనమిస్తుంది. పరస్పరచర్య ప్రతిసారీ హానికరం కాదు. ఎరిగి వాడితే అదే చికిత్స అవుతుంది.

6. కాలేయంలోని ఇరుకుదారి

మందులు శరీరంనుండి తొలగిపోయే మార్గంలో కాలేయంలోని ఎంజైమ్‌లది ప్రధానపాత్ర. వీటిలో సీవైపీ2డీ6 అనే ఎంజైమ్‌ను గుర్తించిన కథ కూడా రక్తపోటు మందుతోనే ముడిపడింది. 1970ల మధ్యలో లండన్‌లోని సెయింట్ మేరీస్ ఆసుపత్రి వైద్యకళాశాలలో రాబర్ట్ స్మిత్ తన సహచరులతో కలిసి డెబ్రిసోక్విన్ అనే రక్తపోటు మందును తానే తీసుకొని పరీక్షించాడు. ఇతరులకు పెద్దగా ఏమీ కాలేదు. స్మిత్ మాత్రం రక్తపోటు తీవ్రంగా పడిపోయి కూలబడ్డాడు. అతని శరీరం ఆ మందును మార్చలేకపోయిందని మూత్రపరీక్ష తెలిపింది. 1977లో మహ్‌గూబ్, ఐడిల్, స్మిత్ తదితరులు ఈ భేదం వంశానుగతమని "లాన్సెట్"లో ప్రకటించారు.

స్వీడన్‌లో షోక్విస్ట్ బృందం అంతకుముందే, 1969లో, కవలలపై చేసిన పరిశీలనలో కుంగుబాటు మందు నార్‌ట్రిప్టిలిన్ రక్తంలో నిలిచే పరిమాణాన్ని వంశలక్షణాలు నిర్ణయిస్తాయని చూపింది. లండన్‌లో రక్తపోటు మందు ద్వారా, స్టాక్‌హోమ్‌లో మానసిక ఔషధం ద్వారా చూసినది ఒకే ఎంజైమ్‌నని తరువాత తేలింది.

1980ల చివర వచ్చిన కొత్త కుంగుబాటు మందులలో ఫ్లుఆక్సిటిన్, ఆ తరువాత వచ్చిన పరాక్సిటిన్ ఈ ఎంజైమ్‌ను బలంగా నిరోధిస్తాయి. మెటోప్రొలాల్ అనే రక్తపోటు మందు ఈ ఎంజైమ్ ద్వారానే తొలగిపోతుంది. రెండూ కలిసినప్పుడు మెటోప్రొలాల్ రక్తంలో పేరుకొని నాడివేగం, రక్తపోటు అవసరానికి మించి తగ్గవచ్చు. స్మిత్‌కు పుట్టుకతో ఉన్న లోటు ఇక్కడ ఒక మాత్రవల్ల తాత్కాలికంగా ఏర్పడుతుంది.

7. ముగింపు - నిర్ధారణలు

1. రక్తపోటు మందులకూ మానసిక ఔషధాలకూ నడుమ పరస్పరచర్యలు ఆ మందుల పుట్టుకలోనే ఉన్నాయి. 1931 నాటి సర్పగంధ వ్యాసం శీర్షిక రెండు రోగాలనూ కలిపి చెప్పింది. తరువాతి వైద్యవిభజన ఆ సంబంధాన్ని మరుగుపరచింది.

2. రెసర్పిన్ దశలో పరస్పరచర్య కొత్త మందులను కనుగొనే సాధనం. గ్వానెథిడిన్, క్లోనిడిన్ దశలో అది చికిత్సావైఫల్యానికి కారణం. లిథియం దశలో ప్రాణాపాయం. డెబ్రిసోక్విన్ దశలో వ్యక్తికీ వ్యక్తికీ గల భేదాన్ని తెలిపిన ఆధారం. ఒకే మాట ఈ నాలుగు అర్థాలలోనూ చరిత్రలో వర్తించింది.

3. ఈ జ్ఞానం ప్రయోగశాలలలోనే పుట్టలేదు. భార్య తలనొప్పిని గమనించిన ఔషధశాల నిర్వాహకుడు, జలుబుమందుతో నిద్రలోకి జారిన ఉద్యోగిని, ఉప్పుకు బదులు విషం తిన్న రోగులు దీనికి మొదటి సాక్షులు. వైద్యచరిత్ర రచనలో వీరికి స్థానం కల్పించవలసి ఉంది.

4. రెసర్పిన్ - కుంగుబాటు వాదం చూపినట్లు, పాఠ్యపుస్తకాలలో స్థిరపడిన అభిప్రాయాన్ని కూడా మూలాధారాలతో సరిచూడవలసి ఉంటుంది. 1954 నాటి నివేదికను తలచుకున్నంతగా 1955 నాటి పరీక్షను తలచుకోలేదు.

ఈ చరిత్ర రెండు రకాల మందులను కలిపి వాడరాదని చెప్పడంలేదు. గ్వానెథిడిన్, డెబ్రిసోక్విన్ వంటివి ఇప్పుడు వాడుకలో దాదాపు లేవు. రక్తపోటు, కుంగుబాటు రెండూ ఉన్న అసంఖ్యాకులు తగిన ఎంపికతో, పరీక్షలతో రెండింటికీ క్షేమంగా చికిత్స పొందుతున్నారు. భయపడి ఏదో ఒక మందును సొంతంగా మానివేయడం పరస్పరచర్య కంటే ఎక్కువ హాని చేయగలదు. ఈ చరిత్ర కోరేదల్లా, ఒక వైద్యుని చీటీ మరొక వైద్యుని ఎదుట పెట్టగలగడం. మనసుకు వాడే మందును నరాల బిళ్ళ అని దాచవలసిన అవసరం ఉన్నంతకాలం, గుండె వైద్యుడు అడగవలసిన ప్రశ్న ఒకటి అడగకుండానే మిగిలిపోతుంది. 1931లో ఒకే శీర్షికలో పక్కపక్కన నిలిచిన ఆ రెండు మాటలు రోగి నోటినుండి కూడా సంకోచం లేకుండా పక్కపక్కన రాగలిగిన నాడు ఆ ప్రశ్నకు సమాధానం దొరుకుతుంది.